ముందు మిద్దెకు సున్నమా, సోలారా? చెన్నై ఇంటికి ఏది మేలు

అంబత్తూరులో ఉండే మా బావగారు పోయిన వారం ఫోన్ చేసి ఒకటే మాట అడిగారు. "చేతిలో లక్షన్నర ఉంది. సోలార్ పెట్టించమంటావా, మిద్దె మీద కూల్ టైల్స్ వేయించమంటావా? ఏదో ఒకటి చెప్పు, రెండూ నా వల్ల కాదు." వాళ్ళది ఇరవై ఏళ్ళ నాటి ఇల్లు. కింద అద్దెకున్నవాళ్ళు, పైన వీళ్ళు. వేసవిలో రెండు నెలల ఈబీ (కరెంటు) బిల్లు తొమ్మిది వందల యూనిట్లు దాటుతోంది. ఫోన్లో సగమే చెప్పగలిగాను. చెన్నైలో సొంత ఇల్లున్న మనవాళ్ళు చాలామంది ఇదే అడుగుతుంటారు కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. మీరుండేది పై అంతస్తులో అయితే మొదట మిద్దె పని, ఆ వెంటనే ఫ్యాన్లు, ఒక వేసవి గడిచాక సోలార్. నేను సోలార్‌తో మొదలుపెట్టి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పెరంబూరులో మా మిద్దె మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టించాను. బిల్లు బాగా తగ్గింది, అందులో సందేహం లేదు. కానీ ఆ మే నెలలో ఒక రాత్రి పదింటికి అమ్మ గదిలో స్టూలెక్కి సీలింగుకు అరచెయ్యి ఆనిస్తే, అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాను ముట్టుకున్నట్టు ఉంది. ఫ్యాను వేస్తే ఆ వేడే కిందికి దిగేది. అమ్మ హాల్లో చాప వేసుకుని పడుకునేది. బిల్లు చూసి నాకు సంతోషం, ఆమెకు మాత్రం కత్తెర ఎండల కాలం ఎప్పటిలాగే గడిచింది. సోలార్ తగ్గించేది బిల్లును. గదిలో వేడి తగ్గాలంటే పని స్లాబు మీద జరగాలి.

ఎందుకంటే ఆర్‌సీసీ స్లాబు పగలంతా ఎండను తాగి, మనం పడుకునే వేళకు లోపలికి వదులుతుంది. కొత్త ఇళ్ళ కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నిబంధనావళిలో పైకప్పుకు ఒక హద్దు పెట్టారు. లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదు. మామూలు ఆరంగుళాల స్లాబు మీద ఏమీ లేకపోతే దానికి రెండున్నర రెట్లకు పైగా దిగుతుంది. పాత ఇళ్ళకు ఈ నిబంధన వర్తించదు గానీ, మన ఇల్లు ఎంత వెనకబడి ఉందో తెలుసుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది.

చెన్నై మేస్త్రీలకు ఇది కొత్త విషయమేమీ కాదు. స్లాబు మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి దట్టించి, పైన తట్టోడు, అంటే పల్చటి కాల్చిన మట్టి పలకలు, పరిచేవాళ్ళు. దాన్నే వెదరింగ్ కోర్స్ అంటారు. సున్నంలో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోసేవాళ్ళని మా తాతగారు చెప్పేవారు. తర్వాత తర్వాత ఖర్చు తగ్గిద్దామని ఒట్టి సిమెంటు పూతతో సరిపెట్టిన ఇళ్ళు చాలా ఉన్నాయి. బావగారి మిద్దె కూడా అలాంటిదే. బూడిద రంగు తిరిగి నల్లబడింది, మధ్యాహ్నం చెప్పులు లేకుండా నిలబడలేం.

ఇక్కడ మూడు దారులున్నాయి. అన్నిటికన్నా చవక జిగురు కలిపిన తెల్ల సున్నం. మిద్దె బాగా కడిగి రెండు పూతలు వేస్తే చాలు. కాకపోతే దుమ్ము పట్టేకొద్దీ, వానలకు కరిగేకొద్దీ దాని ప్రభావం తగ్గిపోతుంది, ప్రతి ఏడూ మార్చి నెలకు ముందు మళ్ళీ వేయించాలి. కూల్ రూఫ్ పెయింట్ ఇంకొన్నేళ్ళు నిలుస్తుంది, అయినా అప్పుడప్పుడు కడగాల్సిందే. బావగారు అడిగిన కూల్ టైల్స్, అంటే తెల్ల టైల్స్, ఖరీదెక్కువ, నిలిచేదీ ఎక్కువే. ఇవన్నీ చేసేది ఒకటే పని, ఎండను వెనక్కి కొట్టడం. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్‌కు ప్రత్యేకంగా ఒక పాలసీయే తెచ్చింది.

టైల్స్ కింద ఎక్స్‌పీఎస్ షీట్లు, అంటే వేడిని ఆపే గట్టి ఫోమ్ పలకలు, పరిపించమని కొందరు సలహా ఇస్తారు. రెండంగుళాల షీటు వేస్తే ఆ 1.2 హద్దుకు బాగా లోపలే ఉంటాం. అది రాత్రంతా ఏసీ నడిచే గదికి చాలా మేలు. ఏసీ లేని గదిలో మాత్రం, పగలు కిటికీల గుండా చేరిన వేడి రాత్రి స్లాబు గుండా పైకి పోవడానికీ ఆ షీటే అడ్డమవుతుంది. ఏసీ లేని ఇంట్లో నేనైతే తెలుపు పూతే ఎంచుకుంటాను. మా అమ్మ గది మీద వేయించిందీ అదే. మరుసటి వేసవిలో ఆమె చాప హాల్లోకి రాలేదు.

ఇక ఫ్యాన్లు. సోలార్ కోసం లక్షలు లెక్కేసేవాళ్ళు కూడా వీటిని పట్టించుకోరు, నాకు బాధ కలిగేది అక్కడే. పాత సీలింగ్ ఫ్యాను ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా తాగుతుంది. తక్కువ కరెంటు తాగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. చెన్నైలో ఫ్యాను ఆపే రోజులే తక్కువ. నాలుగు ఫ్యాన్లు రోజుకు పదిహేను గంటలు తిరిగితే రెండు నెలల్లో మిగిలేది 160 యూనిట్లు. ఒక కిలోవాట్ సోలార్ మన ఊళ్ళో రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది, అంటే రెండు నెలలకు 240. పన్నెండు, పదమూడు వేలతో నాలుగు ఫ్యాన్లు మారిస్తే ముప్పావు కిలోవాట్‌కు కాస్త తక్కువ సోలార్ మిద్దె మీద పెట్టినంత లాభం. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు కాబట్టి షాపులో పోల్చుకోవడమూ తేలికే.

ఏసీ దగ్గర స్టార్లు ఒక్కటే లెక్కపెడితే మోసపోతాం. స్టార్లకు పెట్టిన హద్దులు ఎప్పటికప్పుడు బిగిస్తుంటారు, కొన్నేళ్ళ కిందటి 5 స్టార్ ఇప్పటి 5 స్టార్‌కు సమానం కాదు. లేబుల్ మీద ఏ ఏడాదిదో ఉంటుంది, ఐసీర్ (కరెంటుకు తగ్గట్టు ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే) అంకె ఉంటుంది, ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది. ఆ యూనిట్లు ఏడాదికి 1600 గంటల వాడకానికి వేసిన లెక్క. అంటే రాత్రికి ఎనిమిది గంటల చొప్పున 200 రాత్రులు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే చెన్నైలో అంతకన్నా ఎక్కువే నడుస్తుంది, అందుకే 3 స్టార్‌కీ 5 స్టార్‌కీ మధ్య ధర తేడా ఇక్కడ తొందరగా తీరిపోతుంది. వారానికి రెండు రోజులు వేసే గెస్ట్ రూముకైతే 3 స్టార్ చాలు.

సోలార్ వద్దని నేననడం లేదు. పీఎం సూర్య ఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయల దాకా సబ్సిడీ వస్తుంది. తమిళనాడులో వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది, పైగా రెండు నెలలకు 500 దాటితే కింది యూనిట్ల మీద ఇచ్చే రాయితీ కూడా తగ్గుతుంది. సోలార్ ముందుగా కోసేది ఆ ఖరీదైన పై యూనిట్లనే. తొమ్మిది వందలు వాడే బావగారికి మూడు కిలోవాట్లు 720 యూనిట్లు ఇస్తాయి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది.

కానీ ఆ లెక్కను ఇంకోవైపు నుంచి చూడండి. ఫ్యాన్లు మారిస్తే తొమ్మిది వందలు 740 అవుతాయి. మిద్దె చల్లబడితే ఏసీ మీద భారం తగ్గి ఇంకొంత పోతుంది. అప్పుడు రెండు కిలోవాట్లతోనే పని జరుగుతుంది, మిద్దె మీద మూడు వందల చదరపు అడుగుల బదులు రెండు వందలు చాలు, బట్టలారేసుకోవడానికీ వడియాలు పెట్టుకోవడానికీ చోటు మిగులుతుంది. సబ్సిడీ, ప్యానెళ్ళు బిగించాక ఖాతాలో పడుతుంది గానీ ముందు రాదు, కాబట్టి మూడు కిలోవాట్లకు ఆయన లక్షన్నర ఎలాగూ సరిపోదు, లోన్ తీసుకోవాలి. ఇంకో సంగతి, సోలార్ ఆయన మీటరుకే కలుస్తుంది. కింద అద్దెవాళ్ళ మీటరు వేరు, వాళ్ళ బిల్లు అలాగే ఉంటుంది.

వరుస తప్పితే వచ్చే నష్టం ఇంకొకటుంది. ప్యానెళ్ళు పాతికేళ్ళు ఉంటాయి. వాటి కాళ్ళు నాటాక కింద వాటర్‌ప్రూఫింగ్ చేయించడం, టైల్స్ పరచడం నరకం. మా ఇంట్లో బిగించినవాళ్ళు స్టాండు కోసం స్లాబులోకి నేరుగా డ్రిల్ చేశారు. ఐప్పసి నెల (అక్టోబరు, నవంబరు) వానలకు వంటింటి మూలలో చెమ్మ దిగింది. చివరికి రెండు స్టాండ్లు విప్పి, కాంక్రీటు దిమ్మెలు కట్టి మళ్ళీ నిలబెట్టాల్సి వచ్చింది. ఆ ఖర్చు ఏ కొటేషన్లోనూ లేదు. దిమ్మెలు కట్టేటప్పుడు కూడా బరువు, పట్టు చూసుకోండి. 2016 డిసెంబరులో వర్దా తుపాను గాలిని చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

కరెంటు పోయినా సోలార్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్ళకు ఒక మాట. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపిన ఆన్‌గ్రిడ్ సిస్టమ్, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. లైన్‌మేన్ ప్రాణం కోసం అలా పెట్టారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు నగరం మునిగినప్పుడు మా ప్యానెళ్ళు ఉన్నా ఇల్లు చీకట్లోనే ఉంది.

ఎవరికి సోలార్ ముందు? మిద్దె మీద ఇప్పటికే తట్టోడు బాగా ఉండి, కారుడు లేకుండా, ఏసీలు ఎక్కువ నడిచే ఇంటికి. కింద అంతస్తులో ఉంటూ పైభాగం ఖాళీగా ఉన్నవాళ్ళకు కూడా. బెంగళూరులో ఉండే మా చెల్లెలికైతే వేరే సలహా ఇస్తాను. అక్కడ ఏడాది పొడుగునా వేణ్ణీళ్ళు కావాలి, గీజర్ బదులు సోలార్ వాటర్ హీటరే ముందు.

బావగారు ఇదంతా విని, "సరే, ఫ్యాన్లు ఈ నెలే మార్చేస్తాను" అన్నారు. వచ్చే ఆదివారం మా మేస్త్రీని తీసుకుని అంబత్తూరు వెళ్తున్నాను. మిద్దె మీద బకెట్లతో నీళ్ళు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో, ఎక్కడ పగుళ్ళలోకి దిగుతున్నాయో చూడాలి. ఆ పగుళ్ళు పూడ్చాకే సున్నం.