పసిపిల్లలతో క్రూజ్: రూమ్ ఎక్కడ తీసుకుంటే సుఖం?

క్రూజ్‌కి వెళ్తున్నామని ఎవరితో అన్నా వచ్చే మొదటి సలహా ఒకటే: "రూమ్‌లో ఉండేదెంతసేపు, పడుకోవడానికే కదా, చౌకలో కిటికీ లేని ఇన్‌సైడ్ రూమ్ తీసేసుకోండి." పెళ్ళైన కొత్తలో ఇద్దరే వెళ్ళేవాళ్ళకు అది మంచి మాటే. చంకలో బిడ్డ ఉన్నవాళ్ళకు మాత్రం పనికిరాదు. తొమ్మిది నెలల పిల్లాడు పొద్దున ఒక కునుకు, మధ్యాహ్నం ఒక కునుకు తీస్తాడు. రాత్రి ఎనిమిదికల్లా లైట్లు ఆర్పేయాలి. మధ్యలో పాలు, డైపర్లు, కక్కుకుంటే మళ్ళీ బట్టలు. షిప్‌లో స్లైడ్లూ ఐస్ షోలూ ఎన్ని ఉన్నా, ఇంట్లో ఎవరో ఒకరు సగం రోజు పైగా ఆ నాలుగు గోడల మధ్యే ఉండక తప్పదు. కాబట్టి షో టికెట్ల కన్నా, పోర్టుల్లో టూర్ల కన్నా ముందు రూమ్ గురించే ఆలోచించాలి. డబ్బు కూడా అక్కడే పెట్టాలని నా అభిప్రాయం.

మేం వెళ్ళింది అమెరికాలో, టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి. డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళకు అది కారులో ఐదు గంటల దూరం. విమానం గొడవ లేదు, కార్‌సీట్లూ స్ట్రోలరూ డిక్కీలో పడేసుకుని బయల్దేరొచ్చు. మావారు, నేను, రెండున్నరేళ్ళ పాప, తొమ్మిది నెలల బాబు, విజయవాడ నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు. కోజుమెల్, రోవతాన్, కోస్టా మాయా అనే కరీబియన్ రేవులు తిరిగొచ్చే రూటు.

బుక్ చేసే ముందు రెండు సంగతులు. చాలా కంపెనీలు షిప్ ఎక్కే రోజుకు బిడ్డకు 6 నెలలు నిండి ఉండాలంటాయి. మహాసముద్రం దాటేలాంటి దూర ప్రయాణాలకైతే 12 నెలలు. రెండోది, విమానంలోలాగా "ఒళ్ళో పిల్లే కదా" అంటే ఇక్కడ కుదరదు. చంటిబిడ్డ కూడా రూమ్ లెక్కలో ఒక మనిషే, ఎందుకంటే లైఫ్‌బోట్‌లో సీటు లెక్క ఉంటుంది. నలుగురికి సరిపడే రూమ్ అంటే పిల్లలతో కలిపి నలుగురు. పోర్టు ఫీజులూ టాక్సులూ బిడ్డకూ పడతాయి.

రూమ్ రకం కన్నా ముందు, అది షిప్‌లో ఎక్కడుందో చూడాలి. కంపెనీ సైట్‌లో ప్రతి షిప్‌కీ డెక్ ప్లాన్, అంటే ఏ డెక్‌లో (అంతస్తులో) ఏముందో చూపే పటం ఉంటుంది. మన డెక్ ఒక్కటే చూస్తే చాలదు, దాని పైదీ కిందదీ కూడా చూడాలి. పైనా కిందా కూడా రూములే ఉంటే నిశ్చింత. పూల్ డెక్ కింద రూమ్ వస్తే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చి సర్దే చప్పుడు నెత్తిన మోగుతుంది. థియేటరో డాన్స్ క్లబ్బో ఆనుకుని ఉంటే అర్ధరాత్రి దాకా దబదబలు. షిప్ ముందు కొసన ఉండే రూముల్లో ఊపు ఎక్కువ, రేవుకు చేరేటప్పుడు మోత కూడా ఎక్కువే. నడి మధ్యలో, వీలైనంత కింది డెక్‌లో ఉంటే ఊపు తక్కువ తెలుస్తుంది. లిఫ్టులకు దగ్గరగా ఉండాలి కానీ వాటిని ఆనుకుని కాదు. స్ట్రోలర్ తోసుకుంటూ పొడుగాటి కారిడార్ అంతా నడవడం మొదటి రోజు సరదాగానే ఉంటుంది, తర్వాతే ఉంటుంది సంగతి.

రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ వాళ్ళ ఓయాసిస్ క్లాస్ అనే పెద్ద షిప్పుల్లో సముద్రం వైపు కాకుండా షిప్ లోపలి వైపు తెరుచుకునే బాల్కనీలు కూడా ఉంటాయి. షిప్ నడుమ ఉండే సెంట్రల్ పార్క్ అనే తోట వైపువి చెట్ల మధ్య కాస్త ప్రశాంతంగా ఉంటాయి. బోర్డ్‌వాక్ అనే ఆటపాటల వీధి వైపువి మాత్రం పసిపిల్లలున్నవాళ్ళకు వద్దంటాను. రంగులరాట్నం, ఓపెన్ థియేటర్, సంగీతం అన్నీ అటే.

ఇక ఇన్‌సైడా, బాల్కనీయా అన్న పెద్ద తగువు. ఇన్‌సైడ్ రూమ్‌కి కిటికీ ఉండదు. లైట్ ఆర్పితే పట్టపగలే కటిక చీకటి. పిల్లలు పడుకోవడానికి అంతకన్నా మంచి చోటు షిప్‌లో ఇంకోటి లేదు. కానీ బిడ్డ పడుకున్నాక పెద్దవాళ్ళేం చేయాలి? అదే చీకట్లో ఫోన్ వెలుతురు దుప్పటి కింద దాచుకుని గుసగుసలాడుకోవాలి. బాల్కనీ ఉంటే తలుపు మూసి బయట కూర్చోవచ్చు, అద్దంలోంచి తొట్టి కనిపిస్తూనే ఉంటుంది. సముద్రం చూడటానికి కాదు, రాత్రి ఎనిమిది తర్వాత మాట్లాడుకోవడానికి ఒక చోటు కోసమే బాల్కనీకి డబ్బులు పెట్టాం. సముద్రం అదనం.

మేం చేసింది రెండూ కలపడం. మాకు బాల్కనీ రూమ్, కారిడార్‌కు అవతల సరిగ్గా ఎదురుగా అత్తయ్యగారి వాళ్ళకు ఇన్‌సైడ్. రెండు బాల్కనీలకయ్యే డబ్బు కన్నా బాగా తక్కువైంది. పగటి నిద్రలన్నీ ఆ చీకటి గదిలోనే, పక్కన మామయ్యగారు కూడా ఒక కునుకు తీసేవారు. పొద్దున్నే కాఫీలకు అందరం మా బాల్కనీలో. ఒక రూమ్‌లోంచి ఇంకో రూమ్‌లోకి తలుపుండే కనెక్టింగ్ రూములు ఇంకా సుఖమే, కానీ అవి తొందరగా అయిపోతాయి. ఒక హెచ్చరిక: పక్క రూమ్ మనది కానప్పుడు కనెక్టింగ్ రూమ్ తీసుకోవద్దు. ఆ తలుపు సందులోంచి అవతలివాళ్ళ మాటలు ఇటు, మన పిల్లాడి ఏడుపు అటు.

నడిచే పిల్లలుంటే బాల్కనీ టెన్షన్ నిజమే. తలుపు బరువుగా ఉంటుంది, గాలికి దభాలున పడితే వేళ్ళు నలుగుతాయి. కొన్ని షిప్పుల్లో పిల్లలకు అందనంత ఎత్తులో ఇంకో గడియ ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. కుర్చీలు రెయిలింగ్ దగ్గర ఉండకూడదు. మేం ఎక్కిన రోజే రూమ్ సర్దే అతన్ని అడిగి బాల్కనీలో బల్ల తీయించేశాం. పెద్దవాళ్ళు లేకుండా ఆ తలుపు తెరవకూడదని ఇంట్లో అందరికీ ఒకటే రూల్. మీ పిల్లలది పరిగెత్తే వయసు, ఎక్కే వయసు అయితే బాల్కనీ మానేసి, తెరుచుకోని కిటికీ ఉండే ఓషన్ వ్యూ తీసుకున్నా నేను తప్పు పట్టను.

లోపల జాగా సంగతి. మామూలు రూములు దాదాపు 150 నుంచి 200 చదరపు అడుగులు. సోఫా పరుపుగా పరిచి, పక్కన మడత తొట్టి వేస్తే బాత్రూమ్‌కు పక్కకు తిరిగి వెళ్ళాలి. సూట్‌కేసులు మంచం కిందికి తోసేయొచ్చు. తొట్టి ఉచితమే, కానీ బుక్ చేసినప్పుడే అడగాలి. మాకు అడిగినా రాత్రి భోజనాల వేళకు గానీ రాలేదు. పెద్ద స్ట్రోలర్ కొన్ని రూమ్ తలుపుల్లోంచి పట్టదు. కారిడార్‌లో వదలనివ్వరు, మంటలు రేగితే దారికి అడ్డమని. చిన్నగా మడిచే గొడుగు స్ట్రోలర్ తీసుకెళ్ళండి. చాలా షిప్పుల్లో గోడలు ఇనుమువే కాబట్టి అయస్కాంతం హుక్కులు బ్రహ్మాండంగా పనికొస్తాయి. తడి బట్టలు, బ్యాగులు, టోపీలు అన్నీ వాటికే.

స్నానం ఇంకో కథ. మామూలు రూముల్లో టబ్ ఉండదు, కర్టెన్ తగిలించిన చిన్న షవర్ గది. కాళ్ళ మీద పడుకోబెట్టి బాబుకి లాల పోద్దామని అత్తయ్యగారు సున్నిపిండి కూడా తెచ్చుకున్నారు. అందులో ఆవిడ కాళ్ళు చాపడానికే చోటు లేదు! గాలి ఊదే చిన్న టబ్ మాతో ఉంది కాబట్టి గట్టెక్కాం. ఈ విషయంలో డిస్నీ షిప్పులే మేలు. చాలా రూముల్లో టబ్ ఉంటుంది, టాయిలెట్ వేరుగా ఇంకో చిన్న గదిలో ఉంటుంది. మిక్కీ మౌస్ కోసం అంత ఖర్చు పెట్టను గానీ ఆ బాత్రూమ్ కోసం పెట్టొచ్చనిపించింది.

షిప్‌ని బట్టి తేడాలు ఇంకా ఉన్నాయి. డైపర్ వేసుకునే పిల్లల్ని మామూలు పూల్‌లోకి రానివ్వరు, స్విమ్ డైపర్ వేసినా అంతే. వాళ్ళ కోసమే కట్టిన నీళ్ళ ఆటల చోటు ఉన్న షిప్పులు కొన్నే, డెక్ ప్లాన్‌లో అది ఉందో లేదో చూసుకోండి. డిస్నీలో 6 నెలల నుంచి మూడేళ్ళ దాకా నర్సరీ ఉంది, గంటకింతని తీసుకుంటారు. రాయల్ కరీబియన్‌లోనూ చాలా షిప్పుల్లో అలాంటిదే ఉంది. మూడేళ్ళు నిండిన పిల్లలు ఆడుకునే క్లబ్ పగలు ఉచితం, కానీ టాయిలెట్ అలవాటైతేనే. కార్నివాల్ అనే ఇంకో కంపెనీలో క్లబ్ రెండేళ్ళ నుంచే మొదలవుతుంది, డైపర్లు కూడా మారుస్తారు.

ఎలక్ట్రిక్ కెటిల్, బుల్లి రైస్ కుక్కర్ పెట్టెలో పెట్టొద్దు, స్కానింగ్‌లో తీసేసుకుంటారు. వేడినీళ్ళు రూమ్ సర్వీస్‌కు చెబితే ఫ్లాస్కులో తెచ్చిచ్చారు. ఇంట్లో కొట్టిన ఉగ్గు పొడి బదులు సీల్ తీయని ప్యాకెట్లే నయం. మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌కు చెప్పి ఉంచితే మర్నాటి నుంచి మెత్తటి అన్నం, పప్పు వచ్చాయి. ఉప్పూకారం లేని ఆ పప్పు బాబుకి అమృతం, మామయ్యగారికి శిక్ష.

గ్యారంటీ అని ఒక చవక టికెట్ కనిపిస్తుంది. రూమ్ రకం మనది, నంబరు మాత్రం వాళ్ళిష్టం. పూల్ కిందో, ముందు కొసనో వచ్చినా అడగలేం. ఎదురెదురు రూములు కావాలంటే నంబరు మనమే ఎంచుకునే టికెట్ తీసుకోవాలి, అదీ ముందుగా. చలికాలం గాల్వెస్టన్‌లో పొగమంచు పట్టి షిప్పులు ఆలస్యమవడం మామూలు. మంచు లేకపోయినా రూములు మధ్యాహ్నం ఒంటిగంట దాటితే గానీ తెరవరు, పెద్ద పెట్టెలు సాయంత్రానికి వస్తాయి. పాలు, డైపర్లు, రెండు జతల బట్టలు, చంటివాడి నిద్ర దుప్పటి చేతి బ్యాగులోనే ఉంచుకోండి.