టోమహాక్ కొనేవాళ్లు ముందు కామ చూడండి: ఉద్దానంలో ఐదేళ్ల వాడకం తర్వాత

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు మేం కవిటి మండలంలో మా ఇంట్లోనే ఉన్నాం. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారాక తలుపు తీస్తే వీధి కనిపించలేదు. పనస కొమ్మలు, వాటి మీద కొబ్బరి చెట్లు, వాటి మధ్య కరెంటు తీగలు. ఇంట్లో ఉన్నది ఒక్కటే గొడ్డలి. రెండో రోజుకి దాని కామ, అంటే కర్ర పిడి, విరిగింది. వడ్రంగి ఇంటికి పోదామన్నా దారి లేదు. నానమ్మ బీపీ మాత్రలు అయిపోయాయి. నాన్నా నేనూ కొబ్బరి కత్తితో కొమ్మలు నరుక్కుంటూ మెయిన్ రోడ్డు చేరేసరికి ఒక పూట పట్టింది. నరికిన కొమ్మల్లో చాలావరకు మణికట్టు లావువే. చేతికి తేలికగా ఉండి, కామ విరిగినా మనమే మార్చుకోగల చిన్న గొడ్డలి ఒకటి ఉంటే ఆ పని గంటలో అయిపోయేది. టోమహాక్ అనే చిన్న చేతి గొడ్డలి కోసం నేను వెతకడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

మొదటిది 2019లో ఆన్‌లైన్‌లో కొన్నాను. పద్దెనిమిది వందలు. నల్ల రంగు పూత, ప్లాస్టిక్ పిడి, వెనక వైపు కోసుగా ముల్లు. ఫొటోలో చూస్తే మిలిటరీ వాళ్లది అనిపిస్తుంది. తలను పిడికి మూడు బోల్టులతో బిగించారు. తోటలో ఎండిన జీడి కొమ్మలు కొడుతుంటే రెండో వారానికే బోల్టులు వదులయ్యాయి. బిగిస్తే మళ్లీ వదులు. నెల తిరక్కుండా బోల్టు చుట్టూ ప్లాస్టిక్ చీలింది. అంచు కూడా మడత పడిపోయింది. మా కమ్మరి మావయ్యకు చూపిస్తే గోటితో మీటి చూసి, "ఇది ఇనుము కాదు బాబూ, రేకు. దీనికి పదునెలా ఆగుతాది?" అన్నాడు. వాపసు అడిగితే, వాడిన వస్తువు తీసుకోం అన్నారు. ఆ డబ్బు పోయినట్టే.

బోల్టులు, ముల్లు ఉన్నవన్నీ చెడ్డవని నేను అనడం లేదు. 1960లలో పీటర్ లగానా అనే అమెరికన్ వియత్నాం వెళ్లే సైనికుల కోసం తయారు చేసిన టోమహాక్‌కు వెనక ముల్లు ఉండేది. సాగ్ కంపెనీ వాళ్ల ట్యాక్టికల్ టోమహాక్ ఆ నమూనా నుంచి వచ్చిందే. సైనికుడి అవసరం వేరు. తుఫాను మర్నాడు కొమ్మలు కొట్టుకునే మనకు ఆ ముల్లుతో పని పడదు. పైగా చెయ్యి వెనక్కి ఎత్తినప్పుడు అది మన భుజానికో, వెనక నిలబడ్డవాళ్లకో తగలొచ్చు. నేను కొన్న చవక రకంలో ఆ ముల్లు ఒక్కసారి కూడా ఉపయోగపడలేదు. వెనక సుత్తిలా చదునుగా ఉంటే మాత్రం రోజూ పనికొస్తుంది. టార్పాలిన్ మేకులు దిగ్గొట్టడానికి, రేకుల మీద లేచిన మేకులు కొట్టడానికి అదే సుత్తి.

2020 సంక్రాంతికి మా బావ అమెరికా నుంచి వస్తూ కోల్డ్ స్టీల్ కంపెనీ ట్రైల్ హాక్ తెచ్చిచ్చాడు. అక్కడ దాని ధర నలభై డాలర్ల లోపే పడిందన్నాడు. విమానంలో చేతి సంచిలో ఇలాంటివి రానివ్వరు, చెకిన్ సామానులో పెట్టుకోవాలి. దీని తల కాల్చి సాగగొట్టిన కార్బన్ స్టీలు, 1055 రకం. కామ ఇరవై రెండు అంగుళాల, హికరీ అనే గట్టి కర్ర. మొత్తం బరువు ఏడు వందల గ్రాములకు అటూ ఇటూ. ఒర రాదు. సోంపేటలో చెప్పులు కుట్టే ఆయన పాత తోలుతో అంచుకు తొడుగు కుట్టి ఇచ్చాడు, ఇప్పటికీ అదే.

ఇందులో నాకు నచ్చింది తలా కామా కలిసే పద్ధతి. పికాసుకు కామ దూర్చినట్టే దీనికీ పైనుంచి దూరుస్తాం. కామ పైభాగం లావు, కింది భాగం సన్నం. దెబ్బ వేసే కొద్దీ తల పైకి జరిగి ఇంకా బిగుసుకుంటుంది తప్ప ఊడి ఎగిరిపోదు. తలకు పక్కన ఒక చిన్న స్క్రూ ఇస్తారు. అది కర్రను కొరుకుతోందని నేను తీసేశాను, ఇన్నేళ్లలో ఏ తేడా రాలేదు. ఎండాకాలంలో కర్ర ఎండి తల కాస్త కదులుతుంది. అప్పుడు తలకిందులుగా పట్టుకుని, కామ పైనున్న లావు కొసను రాయి మీద నాలుగు సార్లు గట్టిగా తాటిస్తే మళ్లీ బిగుస్తుంది. నీళ్లలో నానబెడితే ఆ రోజుకి బిగుస్తుంది కానీ ఆరాక ఇంకా వదులవుతుంది. ఏడాదికోసారి కామకు అవిసె నూనె పట్టిస్తాను.

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మర్నాడు మా వీధిలో పని దీనితోనే మొదలుపెట్టాం. జీడి కొమ్మలకు ఇది సరిగ్గా సరిపోయింది. జీడి కర్ర మెత్తన, మణికట్టు లావు కొమ్మకు నాలుగైదు దెబ్బలు చాలు. పనస కాస్త ఆలస్యం. సరుగుడు మాత్రం చాలా గట్టి, పచ్చిదైతే పర్వాలేదు గానీ ఎండిన సరుగుడుకు దెబ్బ వేస్తే తిరిగి చేతికే అదురు తగులుతుంది. ఇక కొబ్బరి. ఉద్దానంలో ఎక్కువగా పడేది అదే, దీనితో తెగనిదీ అదే. మొద్దు పైన గట్టి, లోపల పీచు. అంచు పీచులో ఇరుక్కుపోయి, ప్రతి దెబ్బకీ ఊపి లాక్కోవాలి. నేను పట్టుదలతో ఒక మొద్దు మీద అరగంట కొట్టి, ఒక దెబ్బ తప్పి కామ మెడను మొద్దుకేసి బాదాను. హికరీ కర్ర నిలువుగా చీలింది. పెద్ద గొడ్డలి, చెట్లు కోసే మిషన్ రంపం చేసే పని దీనితో చేయించాలనుకోవడం నా తప్పే.

కామ చీలిన సాయంత్రమే దాన్ని తట్టి ఊడదీసి, వడ్రంగి దగ్గర తుమ్మ కర్రతో కొత్తది చెక్కించాను. నూట యాభై రూపాయలు తీసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే పనిలో ఉన్నాను. మొదటి దాని ప్లాస్టిక్ పిడి చీలినప్పుడు దాన్ని మూల పడేయడం తప్ప దారి లేదు. కొత్త కామను మూడంగుళాలు పొట్టిగా చేయించాను, బండి డిక్కీలో పట్టకపోయినా సీటు కింద తాడుతో కట్టుకోవడానికి వీలైంది.

సముద్రం మాకు రెండు కిలోమీటర్లు. ఉప్పు గాలికి కార్బన్ స్టీలు నాలుగు రోజుల్లో తుప్పు పడుతుంది. పని అయ్యాక తుడిచి కొబ్బరి నూనె రాస్తే చాలు, జీడి బంక అంటితే కిరోసిన్ గుడ్డతో తుడవాలి. తోలు తొడుగులో ఉంచి నెలల తరబడి మర్చిపోతే మాత్రం తోలే చెమ్మ పీల్చి అంచును తినేస్తుంది. నాకు ఒక వానాకాలం అలాగే అయింది. అందుకే ఇంట్లో తొడుగు తీసి మేకుకు వేలాడదీస్తాను. పదునుకు పెద్ద సరంజామా అక్కర్లేదు. ఆకురాయితో పది నిమిషాలు, ఆపైన సానరాయి. ఈ స్టీలు రాయికి తగిలితే అంచు నొక్కుకుపోతుందే గానీ పెచ్చులు ఊడలేదు. స్టెయిన్‌లెస్ 420 రకం తుప్పు తక్కువ పడుతుంది, పదును త్వరగా పోతుంది. తీరం వాళ్లు ఏది కావాలో ఆలోచించుకోండి. రోజూ నూనె రాసే ఓపిక ఉంటే కార్బన్ స్టీలే మేలు.

జాగ్రత్తలు కొన్ని చెప్పకుండా ఉండలేను. పడ్డ చెట్టులో కరెంటు తీగ ఇరుక్కుని ఉంటే లైను ఆపారని ఖాయంగా తెలిసేదాకా ఏ పనిముట్టూ ఎత్తకండి. కారులో చిక్కుకున్నవాళ్లను తీయాల్సి వస్తే పక్క అద్దం మూల మీద కొట్టండి, ముందు అద్దం పొరలతో చేసింది, పగుళ్లిస్తుంది గానీ రాలిపోదు. మా వజ్రపుకొత్తూరు, మందస వైపు జీడి తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. టోమహాక్ చేతిలో ఉందన్న ధైర్యంతో చీకటిపడ్డాక ఒంటరిగా తోటకు వెళ్లొద్దు. అలికిడి చేసుకుంటూ నలుగురితో వెళ్లడమే రక్ష. రిజర్వు ఫారెస్టులో క్యాంపుకు వెళితే చెట్టు మీద వేటు వేయకండి, కేసు అవుతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి కొనండి. 2016 ఆయుధ నియమాల్లో, తొమ్మిది అంగుళాల కన్నా పొడవు లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పు అంచున్న ఆయుధాల గురించి ఉంది. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి అందులోకి రావు. నా దాని అంచు రెండంగుళాలు దాటుతుంది. అందుకే ఇది ఇంట్లో, తోటలో పనిముట్టుగానే ఉంటుంది. నడుముకు కట్టుకుని సంతకో బస్టాండుకో వెళ్లను. నల్ల పూత, ముల్లు ఉన్నదాన్ని చెక్‌పోస్టులో పోలీసుకు పనిముట్టని నమ్మించడం కష్టం, కర్ర కామ ఉన్నదైతే చూడగానే గొడ్డలి అని తెలుస్తుంది.

అమెరికా నుంచి తెచ్చేవాళ్లు లేకపోతే ఎలా అని మా పిన్ని కొడుకు అడిగాడు. వాడి కోసం పోయిన వేసవిలో నా దాన్ని కమ్మరి మావయ్య ముందు పెట్టాను. లారీ కమాను పట్టీ ముక్కతో అలాంటిదే ఒకటి సాగగొట్టి ఇచ్చాడు. కామ కన్నం కాస్త వంకర, బరువు నా దానికన్నా ఎక్కువ. పదును మాత్రం బాగా ఆగుతోంది. తలకు ఆరు వందలు, తుమ్మ కామకు నూట యాభై. కన్నం కింద సన్నగా, పైన వెడల్పుగా ఉండాలని మావయ్యకు ముందే చెప్పాం, అది ఒక్కటి తప్పకుండా చెప్పి చేయించుకోండి.