మందు మానాలంటే: ఆస్పత్రి ఓపీనా, సెంటర్‌లో చేర్చడమా?

మొన్న రాత్రి మదనపల్లె నుంచి పిన్ని ఫోన్ చేసింది. వాళ్ల పెద్దోడు బెంగళూరులో క్యాబ్ నడుపుతూ మహదేవపురలో ముగ్గురు కుర్రాళ్లతో కలిసి రూంలో ఉండేవాడు. తాగుడు ముదిరి, పని పోగొట్టుకుని, పది రోజుల కిందట ఇంటికి చేరాడు. "ఎవరో తాగుడు మాన్పించే సెంటర్ వాళ్లు బండి పంపిస్తారంట, మూడు నెలలు లోపలే పెట్టుకుంటారంట. మీ అన్నని ఆస్పత్రికే తిప్పారు కదమ్మా, ఏది మేలో చెప్పు" అంది. ఫోన్‌లో చెప్పింది చాలలేదనిపించింది. ఇదే తికమకలో ఇంకొందరు ఉంటారని వివరంగా రాస్తున్నాను.

మేం రెండూ చూశాం. మొదట అన్నయ్యను ఊరి చివర ఒక ప్రైవేటు సెంటర్‌లో చేర్చాం. మూడు నెలలు చుక్క ముట్టలేదు, ఎందుకంటే అక్కడ దొరకదు. ఇంటికొచ్చిన నాలుగో సాయంత్రం బెంగళూరు కె.ఆర్.పురంలో మా వీధి మలుపు దగ్గరి షాపులో 90 ఎం.ఎల్. టెట్రా ప్యాకెట్ కొన్నాడు. ఆ షాపు ముందు నుంచి తాగకుండా ఇంటికి ఎలా రావాలో ఆ మూడు నెలల్లో అతనికి ఎవరూ నేర్పలేదు. రెండోసారి ఒక పెద్దాస్పత్రి డీ-అడిక్షన్ ఓపీలో, అంటే చేరకుండా వచ్చిపోతూ తాగుడు మానే వైద్యం చేయించుకునే చోట చూపించాం. రెండేళ్లు దాటింది. మధ్యలో రెండుసార్లు తాగాడు, మళ్లీ నిలదొక్కుకున్నాడు. అందుకే నా మొగ్గు ఓపీ వైపే. అయితే కొందరికి ఓపీ ప్రమాదం, ఆ సంగతి ముందు చెప్పాలి.

రోజూ తాగే మనిషి ఉన్నపళంగా ఆపేస్తే ఆరు గంటల నుంచి ఒక రోజులోపు చేతుల వణుకు, చెమటలు మొదలవుతాయి, నిద్ర పట్టదు. మొదటి 48 గంటల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మరికొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎక్కడున్నారో తెలియదు, ఒళ్లు కాలుతుంది, గుండె దడదడలాడుతుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మా చిన్నప్పుడు ఊళ్లో ఒకాయన మందు మానిన మూడో రోజున ఇలాగే కేకలు పెడితే గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. అది ఇదే అయి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తోంది.

కాబట్టి ఓపీలో డాక్టర్ ముందు ఇవే అడుగుతారు. పొద్దున్నే లేవగానే తాగితే గాని చేతులు నిలవవా? ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, లేనిపోనివి కనిపించాయా? కామెర్లు, షుగరు, గుండె జబ్బు ఉన్నాయా? చచ్చిపోతానంటున్నాడా? ఇంట్లో తాగని మనిషి ఒకరు రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉంటారా? ఫిట్స్ గానీ మతి తప్పడం గానీ ఇదివరకు ఉంటే మొదటి వారం, పది రోజులు ఆస్పత్రిలో ఉండాల్సిందే. దీనికి మూడు నెలలు అక్కర్లేదు. రాత్రిపూట డాక్టరు, నర్సు ఉండే చోటు కావాలి. డాక్టర్ లేని సెంటర్ గదిలో మొదటి వారం గడపడం ఇంట్లో వదిలేసినంత ప్రమాదమే.

అన్నయ్యకు ఫిట్స్ రాలేదు, వదిన తోడుంది. కాబట్టి ఇంటి నుంచే నడిచింది. క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రలు మొదట ఎక్కువిచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వారం తిరిగేసరికి ఆపేశారు. వాటికీ అలవాటు పడే ప్రమాదం ఉంది కాబట్టి ఒకేసారి నెలకు సరిపడా ఇవ్వరు. రెండు మూడు రోజులకే ఇచ్చారు, డబ్బా వదిన దగ్గరే ఉండేది. ఆ మాత్రలకు మగత వస్తుంది, ఆ రోజుల్లో బండి ముట్టుకోకూడదు. మొదటి రోజు నుంచే థయామిన్, అంటే బి1 విటమిన్, పెట్టారు. ఏళ్ల తరబడి తాగినవాళ్లలో అది అడుగంటిపోయి మెదడు దెబ్బతింటుంది. నీరసంగా ఉన్నాడని ఆర్ఎంపీ దగ్గర ఉత్త గ్లూకోజ్ బాటిల్ ఎక్కించే అలవాటు మనకుంది. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఆ దెబ్బ ఇంకా ముదరవచ్చు.

వణుకు తగ్గాక అసలు పని మొదలవుతుంది. కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలున్నాయి. లివర్, కిడ్నీ పరీక్షలు చూసి ఎవరికి ఏది సరిపోతుందో నిర్ణయిస్తారు. డైసల్ఫిరామ్ సంగతి వేరు. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం. మాత్ర ఆపాక కూడా రెండు వారాల వరకు ఆ ప్రభావం ఉండొచ్చు. "తెలియకుండా సాంబార్లో కలిపేయండి" అని ఇచ్చే పొడుల్లో, మాత్రల్లో ఇదే ఉంటే? దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. తెలిసి, ఒప్పుకుని వేసుకునే మనిషికే ఆ మందు.

ఓపీలో నాకు అన్నిటికన్నా నచ్చింది కౌన్సెలింగ్. వారం వారం వెళ్లేవాడు కాబట్టి ఆ వారంలో జరిగిందే మాట్లాడేవాళ్లు. జీతం పడిన రోజు గండం అని తేలింది, ఏటీఎం కార్డు వదినకిచ్చాడు. ఆ షాపు ముందు నుంచి రాకుండా ఒక స్టాప్ ముందే బస్సు దిగి నడవడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఏడింటికి ఆకలి, కోరిక కలిసి వస్తున్నాయని గమనించి, ఆఫీసు దిగగానే ఏదో ఒకటి తినేవాడు. సెంటర్ గేటు లోపల ఉన్న మనిషికి జీతం పడే రోజంటూ ఉండదు, బస్సు స్టాపూ ఉండదు. వాటిని గెలవడం అక్కడ ఎలా వస్తుంది?

తాగిన రెండుసార్లూ వదిన కుంగిపోయింది. ఓపీలో మాత్రం ఎవరూ కసరలేదు. ఆ రోజు ఏం జరిగింది, ఎవరున్నారు, ముందురోజు నిద్ర పట్టిందా అని అడిగి, మాత్రలు సరిచేసి, తర్వాతి తేదీ రాసిచ్చారు. ఆ చీటీ చేతిలో పెట్టుకుని వదిన బస్సులో ఏడుస్తూనే నవ్వింది.

ఓపీకి కష్టాలు లేవని కాదు. తెల్లారకముందే బయల్దేరాలి, లైన్లో నిలబడాలి, సగం రోజు జీతం పోతుంది. బెంగళూరు హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు మన చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చేవాళ్లూ చాలామందే. అక్కడ డీ-అడిక్షన్ విభాగం 1991 నుంచి ఉంది. దూరాభారం వల్లే సగంలో మానేసేవాళ్లున్నారు. 2019లో కేంద్రం వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. పడక దొరికి చేరినవాళ్లు 180 మందికి ఒకరు. ఇంతమందిని లోపల పెట్టి బాగు చేయడం ఎవరివల్లా కాదు.

సెంటరే దిక్కయిన పరిస్థితులూ ఉంటాయి. ఇంట్లో అందరూ తాగుతుంటే, చూసుకునే మనిషి లేకపోతే, ఓపీకి రెండు మూడుసార్లు వెళ్లీ నిలవలేకపోతే, కొన్నాళ్లు ఇంటికి దూరంగా ఉండటం మంచిదే. అప్పుడు రిజిస్ట్రేషన్ చూడండి, సైకియాట్రిస్ట్ ఏయే రోజుల్లో వస్తారో అడగండి, మనిషిని కలవనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. దాని ప్రకారం గొలుసులు వేయడం నేరం. రోగి ఇష్టం లేకుండా చేర్చాలన్నా ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అదీ మొదట 30 రోజులకే. బండి పంపి ఎత్తుకెళ్లి మూడు నెలలు ఉంచడానికి ఈ చట్టం ఒప్పుకోదు.

చెన్నై దగ్గరైనవాళ్లకు అడయార్ ఇందిరానగర్‌లో టీటీకే ఆస్పత్రి ఉంది. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో దాన్ని మొదలుపెట్టారు. కుటుంబాన్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతి వాళ్లది.

ఇక మా తమ్ముడి, అంటే పిన్ని పెద్దోడి విషయం. వాడికి పోయినేడు ఒకసారి ఫిట్స్ వచ్చాయి, ఇది పిన్ని మాటల మధ్యలో బయటపడింది. బెంగళూరు రూంలో మిగతా ముగ్గురూ తాగుతారు. కాబట్టి వాడికి తిన్నగా ఓపీ కుదరదు. ముందు ఆస్పత్రిలో వారం పది రోజులు అడ్మిషన్, ఆ తర్వాత మా ఇంట్లో ఉండి ఓపీ, క్యాబ్ సంగతి డాక్టర్ సరే అన్నాకే. సెంటర్ బండిని రావద్దని చెప్పమన్నాను. అనుమానం వస్తే 14446కు ఫోన్ చేయమన్నాను, అది ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. సోమవారం పొద్దున బాబాయి వాణ్ణి తీసుకొస్తున్నాడు. "ఈ నాలుగు రోజులైనా ముట్టకుండా గదిలో పెట్టి తాళం వేయమంటావా?" అని పిన్ని అడిగింది. వద్దు పిన్నీ, డాక్టర్ చూసేదాకా బలవంతంగా ఆపించకు, ఒంటరిగా వదలకు. వణుకు ఎక్కువైనా, మాట తేడాగా ఉన్నా సోమవారం దాకా ఆగకుండా అక్కడి పెద్దాస్పత్రికే తీసుకెళ్లిపో.