ఉచిత క్రెడిట్ రిపోర్టు తీశా, పలమనేరు బావ జామీను బయటపడింది

తిరుపతి గోవిందరాజస్వామి గుడి దగ్గర మాకు చిన్న ఫ్యాన్సీ షాపు. బ్రహ్మోత్సవాలకు ముందే సరుకు దించుకుందామని బ్యాంకులో మూడు లక్షలకు అప్లై చేస్తే పది రోజులు తిప్పి రిజెక్ట్ అన్నారు. ఎందుకయ్యా అంటే "సిస్టమ్ ఒప్పుకోలేదు సామీ, సిబిల్ చూసుకోండి" అని పక్కవాళ్ళ టోకెన్ పిలిచేశాడు. నేనా ఒక్క ఈఎంఐ కూడా ఆపినోణ్ణి కాదు, రెండు రోజులు నిద్ర లేదు. బస్టాండు దగ్గర ఒకాయన ఐదు వేలిస్తే స్కోరు పెంచిస్తానన్నాడు, దండం పెట్టి వచ్చేశా.

మన అప్పులు ఎలా కట్టామో లెక్క రాసిపెట్టి రిపోర్టు, స్కోరు ఇచ్చే కంపెనీలను క్రెడిట్ బ్యూరోలంటారు. మనం అన్నిటినీ సిబిల్ అనేస్తాం గానీ అవి నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఊరికే ఇవ్వాలి, 2017 నుంచి ఇది రిజర్వ్ బ్యాంకు రూలు. వాటిలో ఒకదాని సైటులో పాన్ నంబరు, ఓటీపీ కొట్టా, టీ చల్లారేలోపు రిపోర్టు వచ్చేసింది. చిరాకల్లా ఒకటే, ప్రతి పేజీలో డబ్బులు కట్టే ప్లాన్ ముందుకు తోస్తారు, 'ఉచితం' ఎక్కడో కింద చీమంత అక్షరాల్లో ఉంటుంది.

స్కోరు 641. 900కి అది, కానీ ఆ అంకె చూసి లాభం లేదు, అసలు సంగతి కింద అకౌంట్ల పట్టికలో ఉంది. బంగారం లోను, బండి లోను శుభ్రంగా ఉన్నాయి. మూడోది నేనెరగని లోను. ఎవడో నా పాన్ వాడేశాడని టెన్షన్ పడి మళ్ళీ చూస్తే నా పేరు పక్కన 'గ్యారంటర్' అని ఉంది. అప్పుడు వెలిగింది, 2019లో బావ పాడి ఆవులకు లోను తీసుకుంటే అక్క మొహం చూసి జామీను సంతకం పెట్టా! ఫోన్ చేస్తే "అది 2022లోనే కట్టేశా కదబ్బా" అన్నాడు. నిజమే, బాకీ లేదని ఇచ్చే నో డ్యూ లెటరు కూడా ఉంది. అప్పిచ్చిన ఫైనాన్స్ వాళ్ళే బ్యూరోకి చెప్పలేదు, రిపోర్టులో ఇంకా బాకీయే.

అదే సైటులో డిస్ప్యూట్, అంటే రిపోర్టులో తప్పుందని ఫిర్యాదు పెట్టా, దానికీ డబ్బుల్లేవు. బ్యూరో తనంతట తాను మార్చలేదు, అప్పిచ్చినవాళ్ళు ఒప్పుకోవాలి. ఫిర్యాదు తేలకుండా 30 రోజులు దాటితే రోజుకు వంద రూపాయలు మనకే ఇవ్వాలి, 2023లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన రూలు. నాకు 26వ రోజు 'క్లోజ్డ్' అయింది (వంద రూపాయలు పోయాయి!). బావ నిజంగా ఆలస్యం చేసిన పాత నెలలు మాత్రం అలాగే ఉన్నాయి, అవి తప్పు కాదుగా. మిగతా మూడు బ్యూరోల్లోనూ చూసుకోండి, నాకు ఇంకోదాంట్లోనూ అదే బాకీ కనపడింది.

ఇంకోటి, బ్యాంకు మన రిపోర్టు చూసి కాదంటే ఆ కాపీ అడిగే హక్కు ఈ బ్యూరోల కోసం తెచ్చిన 2005 చట్టంలోనే ఉంది. నాకది ముందే తెలిసుంటే ఆ కౌంటర్ దగ్గరే కూర్చునేవాణ్ణి.

ఆ సైటుకు ఐదింటికి నాలుగు స్టార్లు. ఒకటి కోసింది ఆ ప్లాన్ల గోలకి. సరుకు ఈసారికి మామ దగ్గర చేబదులు తీసుకుని దించా.