డర్ట్ బైక్ ఇంజిన్ పార్టులు: సొంత దేశంలో చేసినవా, బయటివా? ఏది మేలు?

విదేశీ పార్టు అంటే చవక సరుకు, సొంత దేశంలో చేసింది అంటే గట్టి సరుకు అని చాలామంది లెక్క. అమెరికాలో ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తుంది. 1941లో మొదలైన వైసెకో లాంటి పిస్టన్ కంపెనీ ఒహాయోలో ఉంది కాబట్టి వాళ్ల గర్వానికి అర్థం ఉంది. కానీ జర్మనీలోని వోస్నర్, ఇటలీలోని వెర్టెక్స్ కూడా వాళ్లకు విదేశీ కంపెనీలే కదా! ఆ పిస్టన్లను ఎవరూ నాసిరకం అనరు. దేశం పేరు చూసి తేల్చుకుంటే సగం తప్పు అక్కడే జరిగిపోతుంది.

నేనైతే పార్టులను వేరే రకంగా విడదీస్తాను. కొన్నింటిలో తప్పుంటే బిగించే ముందే కొలిచి పట్టుకోవచ్చు. కొన్నింటిలో ఉన్న తప్పు కంటికీ కనపడదు, సన్నటి కొలతలు తీసే మైక్రోమీటరుకూ దొరకదు.

పిస్టన్ మొదటి రకం. 250 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్లు చాలావాటిలో బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 66.4 మి.మీ. పిస్టన్ చుట్టూ ఉండే రింగు కొత్తదాన్ని సిలిండర్లో పెట్టి, పిస్టన్ తలతో కాస్త కిందికి తోస్తే అది వంకర లేకుండా సమంగా కూర్చుంటుంది. అప్పుడు రింగు రెండు కొసల మధ్య ఫీలర్ గేజి (సందు కొలిచే పలచటి రేకు) దూర్చి చూడాలి. బోరు ప్రతి 25 మి.మీ.కు సుమారు 0.1 మి.మీ. సందు అన్నది పాత లెక్క. ఆ ప్రకారం ఇక్కడ 0.27 మి.మీ. దగ్గర ఉండాలి. సందు మరీ తక్కువైతే వేడికి కొసలు ఒకదాన్నొకటి ఒత్తుకుని రింగు బోరును గీకేస్తుంది. పెట్టె మీద ఏ దేశం పేరున్నా ఈ పరీక్ష ఒక్కటే.

పిస్టన్ వెంట కిట్టులో వచ్చే కాగితం కూడా ముఖ్యమే. ఫోర్జింగ్ (లోహాన్ని గట్టిగా ఒత్తి మలచడం) పద్ధతిలో చేసిన పిస్టన్లలో 2618 రకం అల్యూమినియంలో సిలికాన్ దాదాపు ఉండదు. దెబ్బకు బాగా తట్టుకుంటుంది కానీ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది, అందుకే గోడకూ పిస్టన్‌కూ మధ్య ఎక్కువ సందు వదలాలి. 4032లో సిలికాన్ సుమారు 12 శాతం. వ్యాకోచం తక్కువ కాబట్టి బిగువుగా పెట్టొచ్చు. ఏ లోహమో, ఎంత సందు (క్లియరెన్స్) వదలాలో రాయని కిట్టును నేను ముట్టుకోను.

అసలు టెన్షన్ పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు, ఆ రాడ్డు కింది కొసను పట్టే క్రాంక్ పిన్ను, వాల్వుల దగ్గర. కొలతలన్నీ సరిగ్గా ఉన్న రాడ్డు కూడా, లోహాన్ని కాల్చి చల్లార్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ సరిగ్గా జరగకపోతే విరుగుతుంది, పోతూ పోతూ క్రాంకు తిరిగే పెట్టెను, అంటే క్రాంక్ కేసును, పగలగొడుతుంది. ఒకే విదేశీ ఫ్యాక్టరీ ఒకే డ్రాయింగుతో రెండు కంపెనీలకు రాడ్లు చేయొచ్చు. ఒకరు ప్రతి బ్యాచ్ గట్టిదనం పరీక్షించమని డబ్బు కడతారు, ఇంకొకరు కట్టరు. పెట్టెలో చూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి. క్రాంకు కొసల దగ్గర గాలి చొరకుండా ఆపే క్రాంక్ సీలు చిన్నదే అయినా ఇదే జాబితాలోకి వస్తుంది. రబ్బరు నాసిరకమైతే టూ స్ట్రోక్ ఇంజిన్ అక్కడి నుంచి గాలి పీల్చి, పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడి, పిస్టన్ కాలిపోతుంది.

ఇలాంటి వాటికి సొంత దేశపు తయారీదారు వైపే నా మొగ్గు. బ్యాచ్ నంబరు చెప్పి ఫోన్ చేస్తే జవాబిచ్చే మనిషి ఉంటాడు, విరిగిన ముక్కను పంపడం కూడా తేలిక. కాకపోతే సొంత బ్రాండు వేరు, సొంత తయారీ వేరు. అమెరికాలో ఏ షరతూ లేకుండా 'మేడ్ ఇన్ యూఎస్‌ఏ' అని రాయాలంటే వస్తువు మొత్తం, లేదా దాదాపు మొత్తం, అక్కడే తయారై ఉండాలి. వినియోగదారుల రక్షణ చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో దీన్ని లేబుళ్లకు నిబంధనగానే తెచ్చింది. 'ఇక్కడ డిజైన్ చేశాం', 'ఇక్కడ బిగించాం' అనే మాటలకు ఆ అర్థం లేదు. కాబట్టి ఫోర్జింగ్ ఎక్కడ, హీట్ ట్రీట్‌మెంట్ ఎక్కడ అని సూటిగా అడగండి. నీళ్లు నమిలితే ఆ కంపెనీని పక్కన పెట్టి, పరీక్ష వివరాలు ఇచ్చే విదేశీ కంపెనీకే వెళ్లండి.

క్లచ్ కవర్లు, గొట్టాలు, బోల్టులకు ఇంత ఆలోచన అక్కర్లేదు, చవకగా దొరికిన చోట కొనేయొచ్చు. టైటానియం వాల్వులు తీసి స్టీలువి వేసేటప్పుడు మాత్రం బరువు పెరుగుతుంది కాబట్టి వాటికి సరిపడే స్ప్రింగులు కూడా మార్చాలి. స్ప్రింగుల ఊసెత్తకుండా వాల్వులొక్కటే అమ్మేవాడు సొంత ఊరివాడైనా సరే, వద్దు.