తలుపు కింద ముప్పావు అంగుళం: నాలుగేళ్ల అనుభవం

2021లో అమలాపురం దగ్గర కట్టుకున్న కొత్త ఇంట్లో చేరాము. గోడలు, రంగులు, గచ్చు అన్నీ తృప్తిగానే కుదిరాయి గాని, మొదటి రాత్రి దీపం ఆర్పి పడుకున్నాక హాలులోని వెలుతురు తలుపు కింద నుంచి పడకగదిలోకి జానెడు మేర పరుచుకుని కనిపించింది. మర్నాడు టేపు పెట్టి కొలిస్తే ఆ సందు ముప్పావు అంగుళం, వడ్రంగుల లెక్కలో ఆరు నూళ్లు, తేలింది. మూడడుగుల వెడల్పు తలుపుకు అది 27 చదరపు అంగుళాల ఖాళీ. తొమ్మిది అంగుళాల పొడవు, మూడంగుళాల మందం ఉన్న ఇటుకను గోడలోంచి ఒకటి ఊడబెరికి వదిలేసినట్టే.

పాత మండువా ఇళ్లలో గది గదికీ గడప ఉండేది కనుక తలుపు రెక్క దానికి ఆనుకుని నిలిచేది. ఇప్పుడు పూజగదికి, వీధి గుమ్మానికి తప్ప గడపలు పెట్టడం లేదు. ద్వారబంధం మూడు వైపులే ఉంటుంది, నాలుగో వైపు టైల్సే హద్దు. మా తలుపులను టైల్సు పరవకముందే బిగించారు. “రెండంగుళాలు లేస్తాయని మేస్త్రిగారే చెప్పారండి” అని వడ్రంగి, “ఒకటిన్నరే అన్నానండి, ఆయ్” అని తాపీమేస్త్రి ఎవరి మాట మీద వారు నిలబడ్డారు. ఆ అరంగుళం నష్టం మాత్రం మాకు మిగిలింది. వెనక గదిలో దీనికి మరో కారణం తోడైంది: వరద భయంతో పునాదిని ఎత్తుగా కట్టి లోపల నింపిన ఇసుకను నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టి చాలినంతగా అణచలేదు కాబోలు, రెండో వానాకాలం గడిచేసరికి గచ్చు మరో రెండు నూళ్లు దిగింది.

ఈ సందును మూయడానికి మొదట కొన్నది తలుపు కిందికి దూర్చే జంట స్పాంజి గొట్టాల గార్డు. బిగించే పని లేదు, ధర తక్కువ, పది రోజులు ముచ్చటగా ఉంది. తొలకరి మొదలయ్యాక తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ స్పాంజి నీరు పీల్చి, ఆరక, ముక్క వాసన పట్టింది. సార్వా కోతల నాటికి గొట్టం లోపల చీమలు గుడ్లు పెట్టాయి. తరువాత తెచ్చిన అతికించే సిలికాన్ పట్టీ మన ఉక్కకు జిగురు వదిలి, రెండు నెలల్లో ఒక మూల నుంచి వేలాడసాగింది. పట్టీని నిందించి లాభం లేదు. తలుపు అడుగు అంచుకు రంగు గాని పాలిష్ గాని వేయకుండా పచ్చి చెక్కనే వదిలేసిన మా పనివారి నిర్వాకం అప్పుడే బయటపడింది. రెక్కను బందుల నుంచి విప్పించి ఆ అంచుకు రెండు పూతల ప్రైమరు వేయించాను. ఏ పట్టీ కొనేవారైనా ముందు ఈ పని చేయించుకోవాలి, లేకపోతే వానాకాలంలో చెక్క ఉబ్బి కొలతలే మారిపోతాయి.

మూడేళ్లుగా నిలిచినది అల్యూమినియం పట్టీకి రబ్బరు నాలుక తొడిగిన రకం. దీన్ని రెక్క గది లోపలికి తెరుచుకునే వైపునే బిగించాలి. అవతలి వైపు పెడితే ద్వారబంధంలో రెక్క ఆనే మెట్టుకు తగులుతుంది. మరలు పట్టే రంధ్రాలు నిలువుగా సాగి ఉన్నందున పట్టీని ఎత్తి దించి సరిచేసుకోవచ్చు. ఈ సౌకర్యం విలువ మాకు బాగా తెలిసింది, ఎందుకంటే గది కడిగిన నీళ్లు గుమ్మం వైపు పారేలా వాలు పెట్టడం వల్ల, తలుపు లోపలికి తిరిగే కొద్దీ గచ్చు పైకి లేస్తుంది. మూసినప్పుడు సరిగ్గా ఆనేలా బిగించిన పట్టీ సగం తెరిచేసరికి కీచుమంటూ ఒరుసుకునేది. ఒక నూలు పైకి జరిపాక ఆ గోల తగ్గింది, దానికి బదులుగా దారమంత వెలుగు గీత మిగిలింది. నాకది సమ్మతమే. పట్టీతో పాటు ఇచ్చిన ఇనుప మరలు సముద్రపు గాలికి ఏడాదిలోపే తుప్పుపట్టి టైల్సు మీద గోధుమ రంగు మరకలు వదిలాయి. తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ స్టీలు మరలు విడిగా కొనుక్కోవాలి.

ఫలితం మాటకు వస్తే, ఏసీ గదిలో తేడా స్పష్టంగా ఉంది. చల్లగాలి బరువైనది కనుక నేల వెంట జారి కింది సందులోంచే పోతుంది. అది ఆగాక ఏసీని రెండు డిగ్రీలు పెంచి పెట్టుకున్నా చాలుతోంది. కాలువలు వదిలాక వచ్చే జెర్రులు, దీపాలకు మూగే పచ్చదోమ గదిలోకి రావడం చాలావరకు తగ్గింది. శబ్దం విషయంలో అంత లాభం లేదు. హాలులో టీవీ మాటలు మందగించాయే తప్ప ఆగలేదు.

వంటగది తలుపుకు మాత్రం దీన్ని బిగించలేదు. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. ఎక్కడైనా కారితే నేల మీదే పేరుకుంటుంది, అది బయటికి పోయేందుకు కింద దారి ఉండాలి. స్నానాల గదికి పెట్టి, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు గాలి అందక గోడలు చెమరుస్తుంటే నెల తిరక్కుండానే విప్పేశాను.

రబ్బరు నాలుక మూడో వేసవికి గట్టిపడి అంచులో పగుళ్లిచ్చింది. అల్యూమినియం పట్టీ బాగానే ఉంది కాబట్టి రబ్బరు ఒక్కటే అడుగుల లెక్కన తెచ్చి, గాడిలోకి సబ్బు నీటితో జార్చి నేనే మార్చుకున్నాను. మూడు తలుపులకు ఒక పూట పట్టింది. గచ్చు దిగిన వెనక గదికి ఈ పట్టీ అందలేదు. అక్కడ రెక్క అడుగున అరంగుళం టేకు పట్టీని జిగురుతో, మేకులతో కలిపించి, దానికి కూడా ప్రైమరు వేయించాను.