కొల్లం నుంచి కొట్టప్పురం దాకా గాలి కయాక్‌తో: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఈ గాలి కయాక్, అంటే గాలి నింపి తెడ్డుతో నడిపే చిన్న పడవ, కొని నాలుగేళ్లయింది. ఒక్కరు కూర్చునేది, పదకొండు అడుగుల పొడవు, పదహారు కిలోల బరువు. మొదట్లో యానాం దగ్గర గౌతమిలోనూ, కోనసీమ కాలవల్లోనూ చెయ్యి కుదిరేదాకా తెడ్డు వేశాను. ఆ తర్వాత రెండు శీతాకాలాలు కేరళ వెళ్లి, కొల్లం నుంచి కొట్టప్పురం దాకా ఒక్కడినే ప్రయాణం చేశాను. 1993లో మూడో జాతీయ జలమార్గంగా ప్రకటించిన దారి అది, 168 కిలోమీటర్లు. మొదటిసారి పదకొండు రోజులు పట్టింది, రెండోసారి తొమ్మిది.

కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తాను. కాలవలకి ఇంతకన్నా హాయైన పడవ నేను చూడలేదు. దారిలో వచ్చే పెద్ద సరస్సు వెంబనాడ్ కాయల్‌లో మాత్రం పొద్దెక్కాక దీన్ని నమ్మను.

హాయి దగ్గర మొదలుపెడతాను. మడిచి సంచిలో పెడితే రైల్లో బెర్తు కింద పట్టేస్తుంది. కొల్లంలో దిగి, అష్టముడి సరస్సు ఒడ్డున పావుగంట పంపు కొడితే పడవ సిద్ధం. చవర దాటాక కాలవ సన్నబడుతుంది. ఇళ్ల మెట్లు నీళ్లలోకే దిగి ఉంటాయి, అంట్లు తోముకునే ఆడవాళ్లు తలెత్తి చూసి నవ్వుతారు. అమృతపురిలో మాతా అమృతానందమయి ఆశ్రమం గులాబీ రంగు మేడలు కొబ్బరిచెట్ల మీదుగా చాలా దూరం నుంచే కనిపిస్తూ ఉంటాయి. ఇలాంటి చోట చప్పుడు లేకుండా, జానెడు నీళ్లున్నా సాగిపోయే పడవే కావాలి. తృక్కున్నపుళ లాకుల దగ్గర తలుపులు ఎప్పుడు తీస్తారా అని కాచుకోలేదు. సామాను ఒక విడత, పడవ ఒక విడత మోసుకుని అవతల దింపుకున్నాను. ప్లాస్టిక్ కయాక్ అయితే ఒక్కడివల్ల అయ్యే పని కాదు.

కుట్టనాడ్‌లోకి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. అక్కడి పొలాలు చాలావరకు సముద్రమట్టం కన్నా పల్లంలో ఉంటాయి. ఉప్పునీరు ఎక్కకుండా తణ్ణీర్‌ముక్కం దగ్గర కట్టిన అడ్డుకట్ట తలుపులు వేసవి పంట కోసం దించేస్తారు. చేలు బతుకుతాయి, కానీ ఉప్పు తగిలితే చచ్చే గుర్రపుడెక్క కూడా మంచినీళ్లలో హాయిగా పెరిగిపోతుంది. పడవ అడుగున వెనక వైపు ఒక రెక్క ఉంటుంది, దాన్ని ఫిన్ అంటారు. ముక్కు అటూ ఇటూ తిరిగిపోకుండా నిలిపేది అదే. గుర్రపుడెక్క వేళ్లు దానికి చుట్టుకుంటే పడవ అంగుళం కదలదు. ఫిన్ తీసేస్తే తెడ్డు వేసిన ప్రతిసారీ ముక్కు పక్కకి పోతుంది. చివరికి నాకు కుదిరిన పద్ధతి ఇది: డెక్క దట్టంగా ఉన్నచోట ఫిన్ తీసి, తెడ్డుని నిలువుగా పొడుస్తూ నెమ్మదిగా దాటడం, ఖాళీ నీళ్లు రాగానే మళ్లీ బిగించడం. అందుకే ఫిన్ స్క్రూలతో బిగించే రకం కొనకండి, చేత్తో జార్చి తీసేది కొనండి.

తోట్టప్పల్లి దాటాక కరుమాడి దగ్గర రెండుసార్లూ ఆగాను. కాలవ పక్కనే ఎడమ భాగం లేని నల్లరాతి బుద్ధుడు కూర్చుని ఉంటాడు, కరుమాడి కుట్టన్ అంటారు. రోజుకి పదిహేను, ఇరవై కిలోమీటర్లు తెడ్డు వేసిన భుజాలతో ఆయన ఎదుట కాసేపు ఊరికే కూర్చోవడం నాకు ఎంతో ఇష్టం.

ఇక వెంబనాడ్. మొదటిసారి అలప్పుళ పున్నమడ నుంచి తొమ్మిదిన్నరకి బయల్దేరాను. పాతిరామణల్ దీవి దగ్గర గుల్లలు ఏరుతున్న పెద్దాయన పడమర వైపు చెయ్యి చూపించి "మోనే, కాట్టు వరుం" అన్నాడు. కాట్టు అంటే గాలి అని నాకప్పటికి తెలియదు. తల ఊపి ముందుకు పోయాను. అరగంటలో సముద్రపు గాలి అందుకుంది. గాలి కయాక్ నీళ్లలోకి దిగదు, నీళ్ల మీద తేలుతూ కూర్చుంటుంది. లావుపాటి పక్కలు గాలికి తెరచాపలా అందుతాయి. గంటన్నర తెడ్డు వేసినా అనుకున్న వైపు రెండు కిలోమీటర్లు కూడా సాగలేదు. గాలి నన్ను తూర్పుగా, కుమరకం ఒడ్డుకి నెట్టేసింది. ఆ రోజు నేను నిజంగా భయపడ్డాను. లైఫ్‌జాకెట్ ఒంటి మీద ఉంది కాబట్టే చేతులు ఆడాయి.

రెండోసారి తెల్లవారుతూనే ఆరింటికి బయల్దేరి పడమటి ఒడ్డు వదలకుండా వెళ్లాను. గాలి పడమటి నుంచి వస్తుంది కాబట్టి ఆ ఒడ్డు చాటు దొరుకుతుంది. తొమ్మిదిన్నరకల్లా ముహమ్మలో టీ తాగుతున్నాను. పడవ అదే, నీళ్లూ అవే.

కొచ్చి రేవు ముఖద్వారం తెడ్డుతో దాటలేదు. ఓడలు, బళ్లని దాటించే జంకార్లు తిరిగే దారి, పాటు వేళ నీళ్లు సముద్రంలోకి గట్టిగా లాగుతాయి. పడవ మడిచి సంచిలో పెట్టి ప్రభుత్వ పడవలో అవతలి వైపిన్ దీవికి వెళ్లి, అక్కడ మళ్లీ గాలి కొట్టుకున్నాను. ఆ కాస్త దూరం నా లెక్కలో వేసుకోను.

అరుగుదల సంగతి. అడుగుభాగం గట్టిగా నిలిచింది. పక్క గొట్టాలకి రెండు అతుకులు పడ్డాయి, రెండూ ఒడ్డున ముత్యపు చిప్పలు కోసినవే. పెట్టెతో వచ్చిన తెడ్డు మొదటి ఏడాదే జాయింటు దగ్గర వదులైంది, 230 సెంటీమీటర్ల వేరే తెడ్డు కొన్నాను. మధ్యాహ్నం ఒడ్డుకి లాగినప్పుడు వాల్వు నొక్కి కొంచెం గాలి వదలాలి. ఎండకి లోపలి గాలి ఉబ్బి అతుకులు విడిపోతాయి. ఉప్పునీళ్ల తర్వాత మంచినీళ్లతో కడిగి, వాల్వులో ఇసుక తుడవాలి. నేను ఒకసారి బద్ధకించాను, ఆ వాల్వు నుంచి రాత్రికి రాత్రే గాలి దిగిపోయేది. వాషరు మార్చాక ఆగింది.

2016లో ఈ జలమార్గాన్ని కొట్టప్పురం నుంచి కోళికోడ్ దాకా పొడిగించారు. ఈ డిసెంబరులో అటు వెళ్లాలనుకుంటున్నాను, ఇదే పడవతో. అతుకుల మీద నిన్ననే మరో పొర జిగురు రాసి ఆరబెట్టాను.